ఉమ్మితో జ్వరం పేరు తెలుస్తుందా?



వికారాబాదు వైపు ఒక పల్లె నుంచి ఒక సహోదరి మాకు నాలుగు పేజీల ఉత్తరం వ్రాశారు. అందులో ప్రశ్న ఒక్కటే. కాని ఆ ప్రశ్న వెనుక ఒక పిల్లవాని ప్రాణం ఉంది. గనుక ఈ నెల మన ఆరోగ్య శీర్షిక అంతా ఆమె ప్రశ్నకే ఇస్తున్నాము.

పోయిన వానకాలంలో ఆమె కొడుకుకు జ్వరం వచ్చింది. వాడికి ఏడేళ్లు. తలనొప్పి, కళ్ల వెనుక నొప్పి, ఒళ్లంతా నొప్పులు. ఊళ్లో ఆర్.ఎం.పి. డాక్టరు చూసి, "డెంగీ అయినా కావచ్చు, తీసుకుపోయి రక్తపరీక్ష చేయించమ్మా" అన్నాడు. అయితే పిల్లవాడికి సూది అంటే వణుకు. అంతకు ముందెప్పుడో నరం దొరకక నాలుగుచోట్ల పొడిచారట. అది వాడు మరచిపోలేదు. ఇంతలో చుట్టం ఒకాయన వచ్చి, "పట్నంలో ఆబిడ్స్ దగ్గర ఉమ్మితోనే పరీక్ష చేస్తారట, సూది పనే లేదట" అన్నాడు. తల్లి మనసు అటు లాగింది. ఆ చోటు ఎక్కడో కనుక్కొని చెప్పమని తమ్ముడికి కబురు చేసి, జవాబు కొరకు రెండు రోజులు ఆగారు.

నాలుగో రోజు జ్వరం దానంతట అదే తగ్గింది. ఇంటిల్లిపాదీ సంతోషించారు. ఐదో రోజు సాయంత్రం పిల్లవాడు కడుపునొప్పి అని ముడుచుకున్నాడు. వాంతులు మొదలైనాయి. చేతులు, కాళ్లు చల్లబడ్డాయి. రాత్రికి రాత్రి జీపు మాట్లాడుకొని హైదరాబాదుకు తెచ్చారు. పిల్లల ఆసుపత్రిలో సెలైను ఎక్కించి, గంటగంటకు చూసుకొని, వాడిని నిలబెట్టారు. ఇప్పుడు వాడు బడికి పోతున్నాడు. "ఆ రెండు రోజులు నేను ఎందుకు ఆగాను అని ఇప్పటికీ నిద్రపట్టదు. ఉమ్మి పరీక్ష నిజంగా ఉన్నదా, లేక అది వట్టి మాటేనా? దయచేసి చెప్పండి" అని ఆ తల్లి అడిగారు.

అమ్మా, మీ ప్రశ్న పట్టుకొని మేము ఒక రోజు ఆబిడ్స్‌లో పెద్ద పోస్టాఫీసు దగ్గర బయలుదేరి నాంపల్లి స్టేషను దాకా నడిచాము. దారిలో కనబడిన నాలుగైదు పరీక్షా కేంద్రాల్లో ఇదే మాట అడిగాము. అందరూ చెప్పింది ఒకటే: డెంగీకి గాని, చికున్‌గున్యాకు గాని రక్తమే తీస్తాము, ఉమ్మితో చేయము. ఒకచోట పెద్దవయసు టెక్నీషియన్ ఒకాయన మాత్రం నవ్వి, "ఉమ్మి పరీక్ష ఉంది గాని అది క్షయకు" అన్నాడు.

ఆ మాటతో మాకు చిక్కుముడి కొంత విడిపోయింది. ప్రభుత్వ ఆసుపత్రుల్లో క్షయరోగం కొరకు డబ్బీ ఇచ్చి ఉమ్మి తెమ్మంటారు గదా. నిజానికి వారు అడిగేది ఊపిరితిత్తుల నుంచి దగ్గి తీసిన తెమడ. నోటిలో ఊరే లాలాజలం కాదు. రెండింటినీ మనం ఉమ్మి అనే అంటాము. క్షయ సంగతి జ్వరం సంగతిగా మారి ఊరికి చేరి ఉంటుందని మా అనుమానం.

కాని ఇంతటితో ఆపితే జవాబు సగమే అవుతుంది. లాలాజలంలో ఈ దోమజ్వరాల జాడ పట్టడం వట్టి మాట కాదు. శాస్త్రజ్ఞులు పాతికేళ్లకు పైగా ఆ పని మీద ఉన్నారు. అది మన ఆసుపత్రి దాకా ఇంకా ఎందుకు రాలేదో తెలుసుకుంటే, ఈ రోజు మనమేమి చేయాలో కూడా తేటపడుతుంది.

దోమ ఉమ్మి, మనిషి ఉమ్మి

ఆడదోమ మనలను కుట్టినప్పుడు రక్తం పీల్చడమే గాక, ఆ గాయంలో ఉమ్మివేస్తుంది కూడా. రక్తం గడ్డకట్టకుండా దాని లాలాజలం ఉపయోగపడుతుంది. రోగక్రిమి దోమలో ఉంటే ఆ ఉమ్మితోనే మన ఒంట్లోకి దిగుతుంది. ఈ జ్ఞానానికి మన జంటనగరాలతోనే సంబంధం ఉంది. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ అనే వైద్యుడు దోమ కడుపు గోడలో మలేరియా క్రిమిని చూశాడు. మరుసటి సంవత్సరం కలకత్తాలో పక్షుల మలేరియా మీద పనిచేస్తూ, ఆ క్రిములు దోమ లాలాజల గ్రంథులకు చేరడం కనిపెట్టాడు. ఆయనకు 1902లో నోబెల్ బహుమానం వచ్చింది.

ఈ మధ్య ఆస్ట్రేలియాలో శాస్త్రజ్ఞులు ఇదే సత్యాన్ని తిప్పి వాడుకున్నారు. తేనె అద్దిన కార్డులను దోమల బోనుల్లో ఉంచారు. దోమలు తేనె తాగుతూ ఆ కార్డు మీద ఉమ్మివేస్తాయి. కార్డును పరీక్షిస్తే ఆ ప్రాంతంలో ఏ వైరసు తిరుగుతున్నదో తెలిసిపోయింది. ఈ సంగతి 2010లో ప్రకటించారు.

దోమ ఉమ్మి సంగతి అది. మరి మనిషి ఉమ్మి సంగతి ఏమిటి? లాలాజలం రక్తం నుంచి వడగట్టిన నీటితోనే తయారవుతుంది. గనుక రక్తంలో ఉన్నవి కొన్ని కొద్దికొద్దిగా అందులోకి వస్తాయి. డెంగీ వైరసుతో పోరాడటానికి ఒళ్లు తయారుచేసుకునే ప్రతిరక్షకాలు లాలాజలంలో కనబడతాయని 1998లోనే పరిశోధకులు చూపించారు. కొన్నిసార్లు వైరసు తునకలు కూడా దొరుకుతాయి.

ఇతర రోగాల్లో ఈ పద్ధతి వాడుకలోకి కూడా వచ్చింది. ఇంగ్లండులో 1994 నుంచి తట్టు, గవదబిళ్లలు వంటి రోగాల అనుమానం వస్తే, చిన్న స్పాంజి పుల్లతో చిగుళ్ల వెంట రుద్ది, దానిని పోస్టులో ప్రయోగశాలకు పంపుతున్నారు. ఎయిడ్స్ వైరసు త్వరిత పరీక్షను నోటి తడితో చేయడానికి అమెరికా ప్రభుత్వం 2004లో అనుమతి ఇచ్చింది. కోవిడ్ కాలంలో, 2020లో, అక్కడ లాలాజలంతో చేసే పరీక్షలు కూడా నడిచాయి.

దోమజ్వరాల్లో అందరి చూపు పడినది జికా మీద. 2013, 2014 సంవత్సరాలలో పసిఫిక్ సముద్రంలోని ఫ్రెంచ్ పాలినేషియా దీవుల్లో జికా వ్యాపించింది. అక్కడి వైద్యులు 182 మంది దగ్గర రక్తమూ, లాలాజలమూ రెండూ తీసి పోల్చారు. 35 మందిలో రక్తంలో దొరకని వైరసు లాలాజలంలో దొరికింది. 16 మందిలో లాలాజలంలో దొరకనిది రక్తంలో దొరికింది. అంటే ఏ ఒక్కటీ పూర్తి సాక్షి కాదు. రక్తం తీయడం కష్టమయ్యే పసిపిల్లల విషయంలో లాలాజలం అక్కరకు వస్తుందని ఆ వైద్యులు వ్రాశారు. ఆ సహోదరి కొడుకు వంటి పిల్లల కొరకే ఆ మాట.

స్టాంపు మీద తడి

మరి డెంగీకి ఎందుకు కుదరలేదు? ఇక్కడ పోస్టాఫీసు సంగతే ఉదాహరణగా చెబుతాము. ఆబిడ్స్ పెద్ద పోస్టాఫీసులో మనలో చాలామంది స్టాంపును నాలుకతో తడిపి అంటించినవారమే. ఆ తడి ఆరిపోయి ఏళ్లు గడిచినా, ఆ స్టాంపును నాలుకతో తడిపినది ఎవరో డి.ఎన్.ఎ. పరీక్షతో చెప్పవచ్చు. డి.ఎన్.ఎ. ఫింగర్‌ప్రింటింగ్ చేసే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఆ పోస్టాఫీసుకు దగ్గరలోనే, నాంపల్లిలో, చాలా ఏళ్లు ఉండేది. తరువాత ఉప్పల్‌కు మారింది.

అంత చిన్న తడిలో మనిషి గుర్తు దొరికినప్పుడు డెంగీ గుర్తు ఎందుకు దొరకదు అని మీరు అడగవచ్చు. మనిషి డి.ఎన్.ఎ. నోటి చర్మపు ప్రతి కణంలోనూ ఎప్పుడూ ఉంటుంది. అది గట్టిది, ఎండినా నిలుస్తుంది. డెంగీ వైరసులో ఉండేది ఆర్.ఎన్.ఎ. అది సున్నితమైనది. లాలాజలంలోని రసాలే దానిని ముక్కలు చేస్తాయి. పైగా వైరసు ఒంట్లో ఉండేది కొద్ది రోజులు, లాలాజలంలోకి వచ్చేది రక్తంలో ఉన్నదానికంటే తక్కువ. జ్వరంతో నోరెండిన పిల్లవాని దగ్గర ఆ కాస్త లాలాజలం దొరకడం కూడా కష్టమే. ఇప్పుడే తిన్నాడా, నీళ్లు తాగాడా, చిగుళ్ల నుంచి రక్తం వస్తున్నదా అనేదానిని బట్టి ఫలితం మారుతుంది.

కంబోడియాలో వైద్యులు డెంగీ రోగుల రక్తం, మూత్రం, లాలాజలం మూడూ పోల్చి చూసి 2015లో ప్రకటించారు. రక్తపరీక్ష పట్టినంతగా తక్కిన రెండూ పట్టలేదు. రోగం ఉన్నవారిలో కొందరికి లేదనే ఫలితం వచ్చింది. ఇక్కడే అపాయం ఉంది. "లేదు" అన్న తప్పు మాట విని తల్లి పిల్లవాణ్ణి ఇంటికి తీసుకుపోతే, ఆ పరీక్ష మేలు చేయకపోగా కీడు చేసినట్లే గదా.

అయినా ఈ పరిశోధన మన పల్లెలకు ఎంత అవసరమో మనకు తెలుసు. 2006లో చికున్‌గున్యా మన ఊళ్లను మంచాన పడేసిన సంగతి పెద్దలు మరచిపోలేదు. ఆ ఏడు దేశంలో 13 లక్షలకు పైగా అనుమానపు కేసులు లెక్కకు వచ్చాయి. వాటిలో ప్రయోగశాలకు చేరిన నమూనాలు బహు కొద్ది. సూది, గాజుగొట్టం, మంచుపెట్టె లేకుండా పల్లెలోనే నమూనా తీసే మార్గం దొరికితే, ఏ ఊళ్లో ఏ జ్వరం ఉందో ముందే తెలుస్తుంది. మన హైదరాబాదులోని సి.సి.ఎం.బి. సంస్థ కోవిడ్ సమయంలో ద్రవం అక్కరలేని పొడి స్వాబ్ పద్ధతిని రూపొందించింది. దానికి 2020 నవంబరులో అనుమతి లభించింది. నమూనా తీయడాన్ని సులువు చేయడం సాధ్యమేనని అది చూపించింది. అయితే డెంగీ లాలాజలం విషయంలో ఆ రోజు ఇంకా రాలేదు.

ఈ రోజు చేయవలసినది

డెంగీకి ఈ రోజు మనం నమ్మవలసినది రక్తపరీక్షే. ఏ రోజు ఏ పరీక్ష అనేది గుర్తుపెట్టుకోండి. జ్వరం మొదలైన మొదటి ఐదు రోజుల్లో ఎన్.ఎస్.1 పరీక్ష. ఐదు రోజులు దాటిన తరువాత ఐ.జి.ఎం. పరీక్ష. వేలి చివర చుక్క రక్తంతో చేసే కార్డు పరీక్షలు ఉన్నా, ప్రభుత్వం నిర్ధారణకు ఒప్పుకునేది ఎలిసా పద్ధతినే. గనుక డాక్టరు దగ్గరకు పోగానే "ఇది జ్వరం మొదలైన ఎన్నో రోజు" అనేది తేదీతో సహా చెప్పండి. క్యాలెండరు మీద గీత పెట్టుకుంటే ఇంకా మంచిది.

జ్వరం పేరు తెలిసేదాకా ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ మాత్రలు గాని ఇంజెక్షన్లు గాని వద్దు. అది డెంగీ అయితే రక్తస్రావం పెరుగుతుంది. బరువును బట్టి డాక్టరు చెప్పిన మోతాదులో పారాసెటమాల్ చాలు. పేరు తెలియడం ఎందుకు ముఖ్యమంటే ఇందుకే: డెంగీ, చికున్‌గున్యా, జికా మూడింటినీ మోసేది ఒకే జాతి దోమ. మొదటి రోజు మూడూ ఒకటిగానే కనబడతాయి. కాని ప్రాణం మీదికి ఎక్కువగా తెచ్చేది డెంగీ.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైన మాట. డెంగీలో జ్వరం తగ్గిన రోజే అపాయం మొదలయ్యే రోజు కావచ్చు. మూడో రోజు నుంచి ఏడో రోజు వరకు, జ్వరం దిగే వేళ, రక్తనాళాల నుంచి నీరు బయటకు ఊరి రక్తం చిక్కబడుతుంది. ఆ సహోదరి ఇంట్లో సంతోషించిన నాలుగో రోజు అటువంటిదే. ఆ తరువాత రెండు రోజులు పిల్లవాణ్ణి కనిపెట్టి ఉండాలి. విడవని కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి గాని ముక్కు నుంచి గాని రక్తం, నల్లని విరేచనం, చల్లబడిన చేతులు కాళ్లు, ఆయాసం, మత్తుగా పడిఉండటం లేక ఊరకే గింజుకోవడం, ఆరు గంటలైనా మూత్రం రాకపోవడం. వీటిలో ఏ ఒక్కటి కనబడినా తెల్లవారేదాకా ఆగవద్దు. పరీక్ష కాగితం చేతికి వచ్చిందా లేదా అని కూడా చూడవద్దు. ఆసుపత్రికి పోవలసిందే.

ప్లేట్‌లెట్ల అంకె ఒక్కటే పట్టుకొని భయపడేవారూ ఉన్నారు, అది బాగుందని నిశ్చింతగా ఉండేవారూ ఉన్నారు. రక్తం ఎంత చిక్కబడిందో చూపే అంకెను కూడా డాక్టర్లు అంతే శ్రద్ధగా చూస్తారు. బొప్పాయి ఆకు రసాన్ని నమ్ముకొని ఆసుపత్రి మానవద్దు. ఇంటి దగ్గర ఉన్నన్నాళ్లు గంజి, మజ్జిగ, కొబ్బరినీళ్లు, ఓ.ఆర్.ఎస్. కొద్దికొద్దిగా తాగిస్తూ ఉండండి.

హైదరాబాదుకు రావలసి వస్తే, నాంపల్లి స్టేషనులో దిగినవారికి రెడ్‌హిల్స్‌లోని నీలోఫర్ ఆసుపత్రి దగ్గర. అది 1953 నుంచి ఉన్న ప్రభుత్వ పిల్లల ఆసుపత్రి. పెద్దవారికి అఫ్జల్‌గంజ్‌లో ఉస్మానియా, నల్లకుంటలో జ్వరాల ఆసుపత్రి ఉన్నాయి. అయితే మొదట మీ మండలంలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి పోండి. అక్కడి నుంచి నమూనా పంపే వీలుంటే దారిఖర్చు, ఆలస్యం రెండూ తప్పుతాయి.

సూదికి భయపడే పిల్లల గురించి కూడా ఒక మాట. "నొప్పే ఉండదు" అని అబద్ధం చెప్పవద్దు. "చీమ కుట్టినట్లు ఉంటుంది, నేను పట్టుకొని ఉంటాను" అని చెప్పండి. ఒళ్లో కూర్చోబెట్టుకోండి. వాంతులు లేకపోతే ముందుగా నీళ్లు తాగించి, చేతిని గోరువెచ్చని గుడ్డతో కాస్త వెచ్చబరిస్తే నరం త్వరగా దొరుకుతుంది. ఇంతకు ముందు నరం దొరకక కష్టపడ్డాడని చెప్పి, చేయి తిరిగిన వారిని పిలవమని అడగండి. అలా అడగడం తప్పు కాదు.

రేపు ఎవరైనా "ఉమ్మితో డెంగీ పరీక్ష" అని చెబితే మూడు ప్రశ్నలు అడగండి. ఇది తెమడ పరీక్షా, లాలాజల పరీక్షా? దీనికి ప్రభుత్వ అనుమతి ఉందా? లేదని ఫలితం వస్తే రక్తపరీక్ష కూడా చేస్తారా? ఈ మూడింటికి సరైన జవాబు రాకపోతే అక్కడ ఆగవద్దు.

చివరగా ఒక అపోహ. డెంగీ వచ్చిన మనిషి ఉమ్మి తగిలితే, వాని గ్లాసుతో నీళ్లు తాగితే రోగం అంటుకుంటుందని కొన్ని ఇళ్లలో రోగిని దూరం పెడుతున్నారు. అలా అంటుకోదు. రోగిని కుట్టిన దోమ మరొకరిని కుడితేనే అంటుకుంటుంది. గనుక రోగిని దూరం పెట్టవద్దు. పగటిపూట కూడా దోమతెర కింద పడుకోబెట్టండి. ఈ దోమ పగలే కుడుతుంది. తొట్టిలో, డ్రమ్ములో, కూలరులో, పాత టైరులో, కొబ్బరిచిప్పలో నిలిచిన మంచినీటిలో గుడ్లు పెడుతుంది. గుడ్డు దోమ కావడానికి వారం, పది రోజులు పడుతుంది. వారానికి ఒక్కసారి అన్నీ వొంపి, లోపలి గోడలు రుద్ది, ఆరబెడితే చాలు. మన ఆదివార బడి పిల్లలకు ఈ పని అప్పగించి చూడండి. శనివారం సాయంత్రం ఇంటింటికి పోయి నీళ్లు నిలిచిన పాత్రలు లెక్కపెట్టి, మరుసటి రోజు సంఘంలో చెప్పమనండి. పెద్దలు చెప్పినదానికంటే వారు చెప్పినది ఇళ్లలో ఎక్కువ నడుస్తుంది.

ఉత్తరం వ్రాసిన సహోదరీ, ఆ రెండు రోజులు మీరు ఆగినది బిడ్డ మీద ప్రేమతోనే. సూది లేని పరీక్ష కావాలని కోరుకోవడం తప్పు కాదు. వైద్యులు కూడా అదే కోరుతున్నారు. అది వచ్చే రోజు వస్తే ఈ పేజీలోనే సంతోషంగా వ్రాస్తాము. అప్పటిదాకా ఇంకొక తల్లి మీలాగా ఆగకుండా, మీ ఉత్తరం వల్ల ఈ మాటలు ఇన్ని ఇళ్లకు చేరుతున్నాయి. మీ అబ్బాయిని అడిగామని చెప్పండి.